చేయి వెళ్ళే దారి

"వదినా, పదింటికి ముగ్గురం వస్తున్నాం. నీతో పనిపడింది. ఒక్కటే మాట, ఇల్లు సర్దకు," అని చెప్పి ఆడపడుచు ఫోన్ పెట్టేసింది.

ఇల్లు సర్దకు అనడం వదినకు ఊపిరి పీల్చకు అన్నట్టే వినిపించింది. ఆమె వంటింట్లో డబ్బాలు వరస తప్పవు. ఉల్లిపొట్టు రెండు నిమిషాలకు మించి గట్టుమీద ఉండదు. మాట కాదనలేక, మనసు ఊరుకోక, చివరికి బల్ల తుడిచి, చెత్తబుట్టలో కొత్త సంచీ వేసి, అది సర్దడం కిందికి రాదని తనకు తానే సర్దిచెప్పుకుంది.

ఆడపడుచుని ఇంట్లో అందరూ గీతలమ్మ అంటారు. చిన్నప్పుడు ఆమె గీతలు పలక దాటి, పుస్తకాలు దాటి గోడలెక్కాయి. మొదటి ఉద్యోగం బిస్కెట్ పొట్లాల మీద బొమ్మలు వేయడం. "కొట్టు ముందు పిల్లలు ఏ పొట్లం కోసం కిందపడి ఏడుస్తారో అది మా చెల్లెలు వేసిందే," అని అన్నయ్య నవ్వేవాడు. తర్వాత షాంపూ సీసాలు, ఆ తర్వాత సెల్‌ఫోన్లు. నలభై ఏళ్ళు రాకముందే పెద్ద కంపెనీలో డిజైన్ హెడ్ అయింది. అద్దాల గది, గోడ నిండా బహుమతులు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం వాళ్ళ నాన్నగారు కంటిమందు అనుకుని చెవిమందు కంట్లో వేసుకున్నారు. రెండు సీసాలూ ఒకే రంగు, ఒకే మూత. కన్ను దక్కింది. గీతలమ్మ మాత్రం ఆ రెండు సీసాలనూ ఎదురుగా పెట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చుంది. "వదినా, ఇవి చేసింది నాలాంటి మనిషే," అంది. నెల తిరక్కుండా ఉద్యోగం మానేసింది. "ఏనుగు దిగి గాడిదెక్కింది," అన్నాడు అన్నయ్య. ఆ గాడిద ఆమెను ఎక్కడెక్కడికో తీసుకెళ్ళింది. చూపులేనివాళ్ళు తడిమి గుర్తుపట్టే మందుడబ్బాలు చేసింది. టీకాలు చెడకుండా మోసే పెట్టెలు చేసింది. వరదలో ఇల్లు పోయినవాళ్ళు ఎవరినీ బతిమాలకుండా నింపుకోగల ఫారాలు చేసింది. వాటిని వాడేవాళ్ళలో ఆమె పేరు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా వదినకు కోపం వచ్చేది, గీతలమ్మకు రాకపోవడం ఇంకా కోపం తెప్పించేది.

పదింటికి గీతలమ్మ, ఒక బట్టతల ఇంజనీరు, రిటైరు కావడానికి దగ్గరపడిన ఒక నర్సు వచ్చారు. బల్లమీద పెట్టె పెట్టారు.

"కిడ్నీలు పనిచేయనివాళ్ళు వారానికి మూడుసార్లు ఆసుపత్రికి పరిగెత్తకుండా, ఇంట్లోనే చేసుకునే పద్ధతి ఒకటుంది వదినా," అంది గీతలమ్మ. "పొట్టలోకి అమర్చిన సన్నగొట్టానికి సంచీ తగిలించి మందునీళ్ళు ఎక్కించుకోవాలి. కొన్ని గంటలకు దించేసుకోవాలి. రోజుకు నాలుగుసార్లు. గొట్టం మూతికి మురికి చెయ్యి తగిలిందంటే లోపల చీము పట్టి ప్రాణం మీదికొస్తుంది. చదువు రానివాళ్ళు కూడా తప్పు చేయకుండా చేసుకునే పెట్టె ఇది. పదకొండు నెలలు పట్టింది."

"మూడొందల కుటుంబాలు కాచుకుని ఉన్నాయండీ," అన్నాడు ఇంజనీరు. "ఈ సాయంత్రం మేడమ్ సంతకం పెడితే రేపు ఫ్యాక్టరీ మొదలు."

"ఆఖరిసారి ఒక మామూలు ఇంట్లో, దీన్ని ఎప్పుడూ చూడనివాళ్ళతో చేయించాలనుకున్నాం. అనుకున్న ఇంట్లో పాపకు జ్వరమట. అందుకని నీ మీద పడ్డాం," అంది గీతలమ్మ. "ఒక నియమం. నువ్వు చేస్తున్నంతసేపూ మేం నోరు విప్పం. విప్పినవాళ్ళు సామానంతా మోసుకుని మెట్లు దిగాలి."

"నాలుగంతస్తులు," అని నర్సు మోకాళ్ళు పట్టుకుంది.

వదిన నడుముకు ఉత్తి గొట్టం ఉన్న బెల్టు కట్టారు. ఆమె బొమ్మలు చూసుకుంటూ మొదలుపెట్టింది. ఒక్క అక్షరం లేకపోయినా ఏం చేయాలో ఆ బొమ్మలు చెయ్యిపట్టి నడిపించినట్టు చెబుతున్నాయి. ఫ్యాను ఆపింది. ముక్కుకు గుడ్డ కట్టుకుంది. వేళ్ళ సందులు రుద్ది చేతులు కడిగి, బొమ్మలో ఉన్నట్టే మోచేత్తో కుళాయి కట్టేసింది. నర్సు కళ్ళల్లో మెప్పు కనిపించి వదినకు ఉత్సాహం వచ్చింది. పెట్టెలోని పళ్ళెం మీద అంటించి ఉన్న ప్లాస్టిక్ పొర ఒలిచింది. సంచీ తగిలించింది, బిగించింది, తిప్పింది. ఎవరో ఊపిరి గట్టిగా పీల్చినట్టు వినిపించింది గానీ తలెత్తలేదు. నీళ్ళు దిగాయి, ఎక్కాయి. ఎక్కడా చుక్క పడలేదు.

"అయిపోయింది. ఏం, వంక పెట్టండి చూద్దాం," అంది.

గీతలమ్మ చెయ్యి నర్సు మోకాలిని గట్టిగా అదిమి ఉంది.

"వదినా, ఇప్పుడు ఏమేం చేశావో వరసగా చెప్పు."

వదిన పొల్లుపోకుండా చెప్పింది.

"పొర ఒలిచాక?"

"సంచీ తగిలించాను."

"మధ్యలో చెత్తబుట్ట మూత ఎత్తి పొర అందులో వేశావు."

"నేనా?" వదిన గిరుక్కున తిరిగి చూసింది. పొర బుట్టలో ఉంది. మూత ఎప్పటిలా సరిగ్గా మూసి ఉంది. ఒక్కసారిగా చేతులు తనవి కానట్టు అనిపించాయి. "అయ్యో! ఆ చేత్తోనే గొట్టం..."

"కాగితం కిందపడేసేవాళ్ళకి ఏం కాదమ్మా," అంది నర్సు మెల్లగా. "శుభ్రంగా ఉండేవాళ్ళే పోతారు."

"నలభై ఒక్కసార్లు చూశాం," అంది గీతలమ్మ. గొంతులో బాధ కన్నా ఆశ్చర్యమే ఎక్కువ ఉంది. "ప్రతిసారీ గది మేమే సర్దాం. అడ్డంగా ఉన్నాయని బుట్టలూ బకెట్లూ బయట పెట్టించాం. చెత్తబుట్ట ఉన్న ఇంట్లో ఒక్కసారీ చూడలేదు."

"నా వల్ల నీ పదకొండు నెలలూ..."

"నీ వల్ల తెలిసింది వదినా."

ఆమె తమ సంస్థ డైరెక్టరుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. ఆయన అంతా విని నవ్వేశాడు. "ఇంతేనా! చెత్తబుట్ట ముట్టుకోవద్దని ఒక బొమ్మ వేసెయ్యండి. పెట్టె పోతపోసే అచ్చులు మార్చాలంటే ఆరు వారాలు. అక్కడ మూడొందల మంది చూస్తున్నారు. సాయంత్రం సంతకం పెట్టండి."

ఆయన చెప్పింది వదినకు సబబుగానే తోచింది. గీతలమ్మా వాదించలేదు. కాగితం తీసి, చెత్తబుట్ట మీద అడ్డగీత ఉన్న బొమ్మ అప్పటికప్పుడు వేసి పెట్టెకు అంటించింది. "ఇంకోసారి చెయ్యి వదినా."

ఈసారి వదిన పంతం పట్టింది. బొమ్మను కళ్ళారా చూసుకుంది. బుట్ట జోలికి వెళ్ళను, వెళ్ళను అని మనసులో అనుకుంటూనే పొర ఒలిచింది. చూస్తుండగానే కుడిచెయ్యి బుట్టవైపు సగం దూరం వెళ్ళిపోయింది. ఉలిక్కిపడి ఆపింది. ఇప్పుడీ పొర ఏం చేయాలి? బల్లమీద పెట్టడానికి మనసొప్పలేదు. గబుక్కున చంకలో ఇరికించుకుని, అదే చేత్తో గొట్టం పట్టుకుంది.

ఇంజనీరు కళ్ళు మూసుకున్నాడు.

గీతలమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. "సార్, చెబితే మారేది కాదు. మా వదినకు తెలుసు, ఇప్పుడే చెప్పించుకుంది, అయినా చెయ్యి దాని దారిన అది వెళ్ళింది. ముప్ఫై ఏళ్ళుగా వెళ్తున్న దారి. నేను సంతకం పెట్టను."

"ఆలస్యానికి ఎవరు జవాబు చెబుతారు?"

"నేనే."

"అయితే ఆ కుటుంబాలకి కూడా మీరే చెప్పండి. ఒక్కొక్కరికీ. నా నోటితో చెప్పలేను," అన్నాడు డైరెక్టరు. ఆయన గొంతులో కోపం కన్నా నీరసం వినిపించింది.

"సరే సార్."

ఫోన్ పెట్టేశాక గీతలమ్మ వంటింటి గచ్చుమీద చతికిలబడింది. బుట్టలో పొర తీసి వెలుతురుకు పట్టుకుని చూసింది. "వదినా, కత్తెర ఇవ్వు." వదిన కత్తెరతో పాటు టేపు, అట్టముక్కలు కూడా తెచ్చింది. ఆ తర్వాత గంటన్నర ఆమె ఇంకే పనీ ముట్టుకోలేదు. గీతలమ్మ కోస్తోంది, మడుస్తోంది, తల అడ్డంగా ఊపి పక్కన పడేస్తోంది. ఇంజనీరు ఒకటంటే ఈమె రెండంటోంది. గచ్చంతా ముక్కలు. ఇంకోరోజయితే వదిన చీపురు తెచ్చేది. ఇప్పుడు కాలు కదపడానికే భయపడింది, ఏ ముక్క పనికొస్తుందోనని. ఊళ్ళో ఎవరో, తను ఎన్నడూ చూడబోని మనిషి, గొట్టం ముందు ఒంటరిగా కూర్చుంటుంది. ఆ మనిషి చెయ్యి ఎటు పోతుందో ఈ పిల్ల ఇక్కడ గచ్చుమీద కూర్చుని వెతుకుతోంది. గుడిలో నిలబడ్డప్పటి నిశ్శబ్దం లాంటిదేదో వదిన లోపల పరుచుకుంది.

"ఇది చూడు," అంది గీతలమ్మ.

పొర ఇప్పుడు పూర్తిగా ఊడిరాదు. ఒలిస్తే వెనక్కి మడతపడి, పళ్ళేనికే అంటుకుని కిందికి వేలాడుతుంది.

మూడోసారి వదిన చేతులు కడుక్కుని కూర్చుంది. పొర ఒలిచింది. చెయ్యి అలవాటుగా బుట్టవైపు తిరగబోయింది. వేళ్ళల్లో ఏమీ లేదు. పారేయడానికి ఏమీ లేదు. చెయ్యి గాలిలో ఒక్క క్షణం ఆగి, తనంతట తానే గొట్టం దగ్గరికి వచ్చేసింది. తనకు తెలియకుండా తనను కాపాడినవాళ్ళు ఎవరో పక్కనే ఉన్నట్టు వదినకు అనిపించింది.

"మేడమ్!" అని అరిచేశాడు ఇంజనీరు.

"మెట్లు," అంది నర్సు వెంటనే.

గీతలమ్మ నవ్వింది గానీ అప్పటికే పెట్టెలోంచి పేర్ల జాబితా తీస్తోంది. "ఇంకో నలభై ఇళ్ళలో చూడాలి, సర్దని ఇళ్ళలో. ముందు ఇవి," అని మొదటి నంబరు నొక్కింది.

అవతల ఒక దర్జీ. వారానికి మూడురోజులు ఆసుపత్రికే పోతున్నాయి, మిషను మూలపడింది. ఆరు వారాలు అనగానే ఆయన గొంతు లేచింది. ఎన్నిసార్లు చెబుతారు ఈ మాట, మీ ఇంట్లోవాళ్ళయితే ఇలాగే ఆపుతారా అని అడిగాడు. గీతలమ్మ అడ్డు రాలేదు. "తప్పు మాదేనండీ," అంది. ఏం తప్పో దాచకుండా చెప్పింది.

"మా ఇంట్లో బుట్ట మిషను కిందే ఉంటుందమ్మా," అన్నాడు దర్జీ. "గుడ్డపీలిక చేతికొస్తే చూడకుండానే అందులో పడేస్తాను." ఆయన గొంతు తగ్గింది. "ఆరు వారాలంటే ఆరు వారాలే కదా?"

"ఆరే."

ఆయన సరే అనలేదు, ఫోన్ పెట్టేశాడు. గీతలమ్మ జాబితాలో ఆయన పేరు పక్కన చిన్న గీత గీసి రెండో నంబరు నొక్కింది. ఇంకా రెండొందల తొంభైతొమ్మిది. వదిన ఇంకో కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుని, జాబితా తన వైపు తిప్పుకుని, మూడో నంబరు గట్టిగా చదవడానికి సిద్ధంగా వేలు పెట్టుకుంది.