పడుగు ఆరేదాకా

కాశన్న ముప్పై ఏళ్లుగా ఊరి నాటకంలో గురువు వేషం కడుతున్నాడు. ప్రేమించుకున్న పిల్లలిద్దరూ వచ్చి ఆయన కాళ్ల మీద పడతారు. గురువు గడ్డం నిమురుకుంటూ, "ఎవరికీ చెప్పకుండా పడవెక్కి ఏరు దాటండి, పెద్దల సంగతి నేను చూసుకుంటాను" అంటాడు. వరదలో పడవ మునుగుతుంది. జనం ముక్కులు చీదుకుంటారు. చివర్లో గురువు ఒక పద్యం పాడి జనం చప్పట్లన్నీ తనే దక్కించుకుంటాడు.

ఈసారి ఆ పిల్లలు నిజంగానే వచ్చారు. నాయిక వేషం వేసే రమణి నేతపని చేసే వీరభద్ర కూతురు. నాయకుడు శివకుమార్ ఊరివాడే, తుమ్మలపల్లె గనిలో పని. మగ్గం ఎరగని ఇంటికి పిల్లనిచ్చేది లేదని వీరభద్ర ఎప్పుడో తేల్చేశాడు.

"పెదనాయనా, ఆదివారం పొద్దున బస్సుకు కడపకు పోతాండాం. ఆడ పెండ్లి చేసుకుంటాం. మా నాయన అడిగితే రిహార్సల్లో ఉండారని చెప్పు, చాలు" అంది రమణి.

కాశన్న చెయ్యి దానంతటదే లేని గడ్డం మీదికి పోయింది. లోపల ఎంత సంబరమో! "నేను చూసుకుంటాను" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. అప్పుడు రమణి ముఖం చూశాడు. ఆ పిల్లను నాటకానికి పంపమని వీరభద్రను బతిమాలింది తనే. కళ్లల్లో కళ్లు పెట్టి చూడండని రెండు నెలలు వీళ్లకు నేర్పిందీ తనే. ఇన్నేళ్లూ నాటకంలో ఆ పిల్లల్ని ఏట్లోకి తోసింది వరద కాదు, గురువేనని ఇప్పుడు తట్టింది. సిగ్గేసింది.

"బస్సూ వద్దు, ఏమీ వద్దు. ఆదివారం మీ నాయన పడుగుకు గంజి పెడతాండాడు కదా? ఇద్దరూ ఆడికే రాండి" అన్నాడు.

చీర నిలువు దారాలను వీధి పొడవునా చాచి గంజి పట్టించాక, ఆరేదాకా కుంచెలతో దువ్వుతూనే ఉండాలి. మధ్యలో వదిలితే దారాలన్నీ అతుక్కుని నెల పని మట్టిపాలవుతుంది. వీరభద్రలాంటి కోపిష్టిని కదలకుండా నిలబెట్టి మాట వినిపించాలంటే అంతకు మించిన ముహూర్తం లేదు.

ఆదివారం గంజి పట్టించగానే కాశన్న పిల్లలిద్దరితో వచ్చి వీరభద్రకు ఎదురుగా నిలబడి కుంచె అందుకుని, ఉన్నదంతా చెప్పేశాడు.

వీరభద్ర ముఖం కందగడ్డ అయింది. "ఏమప్పా, పెద్దమనిషివని నమ్మి పంపితే నా బిడ్డకు నేర్పింది ఇదా?"

"నేనే నేర్పినా. తప్పు నాదే. ఎంత తిడతావో తిట్టు, కుంచె మాత్రం ఆపొద్దు."

వీధంతా నవ్వింది. వీరభద్ర తిడుతూనే దువ్వాడు, దువ్వుతూనే తిట్టాడు. ఇంతలో ఒక దారం తెగింది. శివకుమార్ వంగి అతికించబోయాడు. రెండుసార్లు జారిపోయింది.

"అట్ల గాదురా! వేలు తడి చేసుకో. ఆఁ, ఇప్పుడు మెలిపెట్టు" అన్నాడు వీరభద్ర. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

పడుగు ఆరింది. ఇక ఎవరి దారిన వాళ్లు పోవచ్చు. వీరభద్ర కదల్లేదు.

"పెండ్లి సంగతి ఆ పిల్లోణ్ని వాళ్లమ్మోళ్లను పిలుచుకోని రమ్మను, మాట్లాడదాం" అన్నాడు, ఎటో చూస్తూ. కాసేపటికి గొంతు తగ్గించాడు. "మొన్న మీ రిహార్సలు కిటికీలోనుంచి చూసినా. ఆ కడాపటి సీను మార్చు కాశన్నా. ఉత్తుత్తిదే అయినా నా బిడ్డ ఏట్లో పడేది నేను చూడలేను."

ముప్పై ఏళ్లు జనాన్ని ఏడిపించిన కాశన్న, చేతిలో కుంచె పట్టుకునే ముక్కు చీదుకున్నాడు.