ఫిబ్రవరి ఒకటి, సాయంత్రం నాలుగు

1983 ఫిబ్రవరి ఒకటి, మంగళవారం. మధ్యాహ్నం మూడూ ముప్పావుకి తన్నా తన మనవరాలి పుట్టినరోజుకు వెళ్లింది. మనవరాలికి ఎనిమిదేళ్లు నిండాయి. ఆ తేదీన నానమ్మ ఆ ఇంటి గడప తొక్కడం అదే మొదటిసారి.

సముద్రం కంటే పల్లంగా ఉండే జేలండ్ దీవుల్లో ఆ తేదీ ఎవరికీ చెప్పనక్కర్లేదు. 1953లో ఆ రోజు ఆదివారం. తెల్లవారుజామున సముద్రపు కట్టలు తెగాయి. జనం అటకలెక్కారు. తెల్లారేసరికి నీళ్లు కాస్త తగ్గాయి, బతికిపోయామనుకున్నారు. సాయంత్రం నాలుగుకు రెండో పోటు వచ్చింది. అది మొదటిదాని కంటే ఎత్తు. చాలా ఇళ్లు కూలింది అప్పుడే. దేశం మొత్తం మీద పద్దెనిమిది వందల మందికి పైగా పోయారు. తన్నా ఊళ్లో పోయినవాళ్ల పేర్లు చర్చి వెనకాల రాతి మీద చెక్కించారు. అందులో యిక్కె అన్న పేరు తన్నా కూతురిది. వయసు రెండేళ్లు. కొడుకు క్రైన్‌కు అప్పుడు ఐదు. వాణ్ణి తండ్రి భుజాల మీద ఎత్తుకున్నాడు, వాడు బతికాడు.

ఇరవై రెండేళ్ల తర్వాత అదే తేదీన క్రైన్ భార్య ఆంక్ ఆడపిల్లను కంది. ఆసుపత్రి నుంచి క్రైన్ ఫోన్ చేస్తే తన్నా, "ఇద్దరూ బాగున్నారా?" అని అడిగింది. బాగున్నారని విని ఫోన్ పెట్టేసింది. ఈ దీవుల్లో పిల్లలకు ఇంట్లో పోయినవాళ్ల పేర్లు పెడతారు. క్రైన్ యిక్కె అని పెడదామన్నాడు. తన్నా వద్దంది. ఆంక్ అమ్మమ్మ పేరు ఫెన్నా. అదే పెట్టారు.

ఏటా ఆ రోజు తన్నా పొద్దున శ్మశానానికి వెళ్లేది. మధ్యాహ్నం ఇంట్లోనే ఉండేది. మర్నాడు కొడుకు ఇంటికి వెళ్లి, మనవరాలికి తెచ్చిన బహుమతి ఇచ్చి, మిగిలిన కేకు ఒక ముక్క తిని వచ్చేది. ఎందుకని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. ఊళ్లోనూ ఎవరూ అడగలేదు.

ఈ ఏడు బడికి కొత్త మాస్టారు వచ్చాడు. పేరు వౌటర్, ఊరు దీవులకు దూరంగా ఉన్న ఉట్రెక్ట్ నగరం. రోజూ పొద్దున నల్లబల్ల మీద ఆ తేదీ రాసి, దాని కింద చరిత్రలో ఆ రోజు జరిగినవీ, ఆ రోజు పుట్టినవాళ్ల పేర్లూ రాయడం అతని అలవాటు. ఫిబ్రవరి ఒకటిన మూడు వరసలు రాశాడు. 1896లో ఇటలీలో ఒక సంగీత నాటకం తొలి ప్రదర్శన. 1953లో వరద. 1975లో మన ఫెన్నా పుట్టుక. తర్వాత ఫెన్నాను కుర్చీ ఎక్కించి, నెత్తిన కాగితపు కిరీటం పెట్టి, పిల్లలందరి చేతా పాట పాడించాడు. ఇంతకుముందు ఈ బడిలో పనిచేసిన టీచర్లు ఆ పాటను మర్నాటికి జరిపేవాళ్లు. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

పాట అయ్యాక పక్క బల్ల పిల్ల లీన్ ఫెన్నా చెవిలో చెప్పింది, "మీ నానమ్మకి నువ్వు ఇవాళ పుట్టడం ఇష్టం లేదంట. మా అమ్మ చెప్పింది."

మధ్యాహ్నం అన్నానికి వదిలినప్పుడు ఫెన్నా ఇంటికి పోలేదు. కిరీటంతోనే నానమ్మ దగ్గరికి పరిగెత్తింది. తన్నా అప్పుడే శ్మశానం నుంచి వచ్చి బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది.

"నానమ్మా, ఒకటడుగుతా, నిజం చెప్పు."

"ముందు ఆ బూట్లు విప్పు. గచ్చు ఇప్పుడే తుడిచా."

"విప్పను. మళ్లీ బడికి పోవాలి. నేను పుట్టానని నీకు కోపమా?"

తన్నా కత్తి పక్కన పెట్టింది. "ఎవరే చెప్పింది?"

"లీన్. వాళ్లమ్మ అందంట."

"వాళ్లమ్మకి నోరెక్కువ. చిన్నప్పుడూ అంతే, బడిలో మూల నిలబెట్టినా ఆగేది కాదు."

"అయితే అబద్ధమా?"

"అబద్ధమే."

"అయితే ఇవాళ రా. రేపు కాదు, ఇవాళ. రేపటికి కేకు ఎండిపోతుంది. నువ్వు ఎప్పుడూ ఎండిందే తింటావు."

"నాకు ఎండిందే ఇష్టం."

"అదెవరికీ ఇష్టం ఉండదు నానమ్మా."

తన్నా కత్తి మళ్లీ తీసుకుంది. చేతిలో ఉన్న దుంప చెక్కు పూర్తిగా తీసి నీళ్లలో వేసింది. అప్పుడు, "ఇవాళే వస్తా," అంది.

క్రైన్ ఇంటి హాల్లో కుర్చీలు గుండ్రంగా వేశారు. ఆంక్, ఆమె చెల్లెలు, పక్కింటి మారినుస్, అతని భార్య అప్పటికే కూర్చున్నారు. తన్నా లోపలికి రాగానే మాటలు ఆగాయి. క్రైన్ గబగబా లేచి కోటు అందుకున్నాడు. మారినుస్ తన పక్క కుర్చీ జరిపాడు.

"రా తన్నా. బయట చలెలా ఉంది?"

"ఉంది."

ఆ గదిలో ఉన్న పెద్దవాళ్లందరూ అంతకుముందే ఒకరికొకరు చేతులు కలిపి అభినందనలు చెప్పుకున్నారు. పుట్టినరోజు ఎవరిదైనా ఇక్కడ ఇంటిల్లిపాదికీ అభినందనలు చెప్తారు. తన్నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆంక్ కాఫీ ఇచ్చి, కేకు ముక్క ఇచ్చింది. తన్నా పళ్లెం ఒళ్లో పెట్టుకుంది.

నాలుగుకు పది నిమిషాలుండగా వౌటర్ మాస్టారు వచ్చాడు. ఫెన్నా పిలిచిందట. ఆ పిల్ల అతని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది. అతను కోటు విప్పి, గుమ్మం దగ్గర కుర్చీ నుంచి వరసగా అందరికీ చెయ్యివ్వడం మొదలుపెట్టాడు. క్రైన్‌కు, "మీ అమ్మాయి పుట్టినరోజు, అభినందనలు." ఆంక్‌కు అదే మాట. ఆంక్ చెల్లెలికి అదే మాట. మారినుస్ దగ్గరికి వచ్చాడు.

"నేను పక్కింటివాణ్ణి మాస్టారూ. నాకెందుకు?"

"పక్కింటి పాప పుట్టినరోజు కదండీ. మీకూ అభినందనలు."

"అయితే వెనక దొడ్లో మా ఆవులున్నాయి. వాటికీ చెప్పి పోండి, చిన్నబుచ్చుకుంటాయి."

అందరూ నవ్వారు. వౌటర్ కూడా నవ్వుతూనే పక్క కుర్చీ వైపు తిరిగాడు. క్రైన్ సగం లేచి, "మాస్టారూ, కాఫీ..." అన్నాడు. అప్పటికే వౌటర్ చెయ్యి చాచాడు.

"మీరు నానమ్మగారు కదా. మనవరాలి పుట్టినరోజు. అభినందనలు."

ఆంక్ చేతిలో కాఫీ జగ్గు అలాగే ఉండిపోయింది. తన్నా ఆ చేతిని చూసింది. ముప్పై ఏళ్లుగా ఈ తేదీన ఆమె చెయ్యి పట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అందరూ శ్మశానం గేటు దగ్గరే పట్టుకున్నారు. అక్కడ చెప్పే మాట వేరు.

ఆమె చెయ్యి ఇచ్చింది. "సంతోషం బాబూ," అంది.

వౌటర్ ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. మాటలు కలపాలని చూశాడు.

"పొద్దున పిల్లలకి వరద గురించి చెప్పానండీ. మీరు అప్పుడు ఇక్కడే ఉన్నారా?"

"ఇక్కడే."

"మీవాళ్లెవరికైనా..."

"మాస్టారూ," అన్నాడు మారినుస్, "కేకు తినండి. ఈ ఇంట్లో ఒక్క ముక్కే ఇస్తారు. రెండోది అడిగితే వచ్చే ఏడు పిలవరు."

"నా కూతురు పోయింది," అంది తన్నా.

వౌటర్ మొహం ఎర్రబడింది. "క్షమించండి. నాకెవరూ చెప్పలేదు."

"మేం చెప్పుకోం. మీకెలా తెలుస్తుంది?"

గోడ గడియారం నాలుగు కొట్టింది. అప్పుడే ఫెన్నా వచ్చి నానమ్మ కుర్చీ పక్కన నిలబడి, ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. తన్నా గట్టిగా విదిలించుకుంది. ఒళ్లోని పళ్లెం కింద పడింది. తన్నా లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఫెన్నా పళ్లెం తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత వంటింట్లోకి వెళ్లింది. తన్నా కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంది.

"అబద్ధం చెప్పావు. కోపమే నీకు."

"కాదే."

"మరి చెయ్యెందుకు లాక్కున్నావు?"

తన్నా చేతులు ఒళ్లోకి లాక్కుంది. ఫెన్నా కదల్లేదు.

"ఈ టైముకి నా చేతిలో ఇంకో చెయ్యి ఉంటే భరించలేను. అప్పుడు యిక్కె చెయ్యి నా చేతిలో ఉంది. ఇంటి కప్పు మీద ఉన్నాం."

"తర్వాత?"

"జారిపోయింది."

"నువ్వు గట్టిగా పట్టుకోలేదా?"

క్రైన్ వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. ఆ మాట విని అక్కడే ఆగాడు.

"పట్టుకున్నాను," అంది తన్నా. "చలికి వేళ్లు మొద్దుబారిపోయాయి. పట్టుకునే ఉన్నాననుకున్నాను. చూసుకుంటే లేదు."

క్రైన్ ఈ సంగతి వినడం అదే మొదటిసారి. ఇంట్లో ఎప్పుడూ కప్పు కూలిందని మాత్రమే అనుకునేవాళ్లు. అతను లోపలికి రాలేదు, వెనక్కీ పోలేదు.

ఫెన్నా బల్ల కింద నుంచి ఇంకో స్టూలు లాగి, నానమ్మ స్టూలు పక్కన వేసుకుని కూర్చుంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద బరువు వేసింది. కిరీటం ఒక చెవి మీదికి ఒరిగింది. సర్దుకోలేదు.

"ఇలా కూర్చుంటే ఫర్వాలేదా?"

"ఫర్వాలేదు."

"నీకు తగలను."

"సరే."

హాల్లో కుర్చీలు జరిపిన చప్పుడు వినిపించింది. వచ్చినవాళ్లు త్వరగానే లేచారు. మారినుస్ వంటింట్లోకి తొంగిచూసి తల ఊపి వెళ్లాడు. వౌటర్ గుమ్మం దాకా వచ్చాడు, ఏదో అనబోయాడు, క్రైన్ అతని భుజం మీద చెయ్యి వేసి బయటికి తీసుకెళ్లాడు.

ఐదున్నరకు తన్నా కోటు తొడుక్కుంది. కారు తీస్తానన్నాడు క్రైన్. నడుస్తానంది. ఫెన్నా మీదికి వంగి, పుట్టినరోజుకు ఇక్కడ అందరూ పెట్టినట్టే బుగ్గ మార్చి బుగ్గ మూడు ముద్దులు పెట్టింది. అభినందనలు అనలేదు. తలుపు తీసుకుని వెళ్లింది.

ఆమె మెట్లు దిగి రోడ్డు మీదికి చేరేదాకా ఫెన్నా స్టూలు మీంచి లేవలేదు, చేతులు బయటికి తియ్యలేదు.