గడియ పడింది

"ఇంకొక్క గడియ కూడా ఇవ్వను మాస్టారూ. ఆదివారానికల్లా ఇల్లు ఖాళీ చేసేయండి."

ఇంటి ఓనరు చెప్పులు గుమ్మం బయటే విడిచి వచ్చి మరీ ఈ మాట అన్నాడు. నేను అప్పుడే తుడిచిన గచ్చు ఆయన పాడుచెయ్యలేదు. అందుకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

అద్దె నెల్లాళ్లు ఆలస్యమైన మాట నిజమే. వంటింట్లో పైపు పగిలింది, ఆయన ఫోన్ ఎత్తలేదు, నా పింఛను పైపుకే పోయింది. రసీదు చూపించాను. రిపేర్లు ఓనరువేనని, ఖాళీ చేయించాలంటే రెండు నెలల ముందు రాసివ్వాలని ఒప్పందంలో ఉన్న సంగతీ చెప్పాను. చెప్పనిది ఒకటుంది. మా ఆవిడ పోయి నాలుగేళ్లయినా వంటింటి అరల్లో డబ్బాలు ఆవిడ సర్దిన వరసలోనే ఉన్నాయి. ఇల్లు మారితే ఆ వరస మళ్లీ నాకు దొరకదు.

"ఒప్పందాలు తరవాత. బాత్రూం గడియ గురించి నాకు మూడు ఉత్తరాలేంటండీ, మూడు! మా నాన్న పెట్టించిన గడియ అది. ఏమొచ్చింది దానికి?"

"వేస్తే మళ్లీ రాదండీ. అందుకే నేను వెయ్యను. చుట్టాలొస్తే, లోపలున్నట్టు తెలిసేలా పాట పాడుకోమంటాను."

"చోద్యం!" అంటూ ఆయన బాత్రూంలోకి వెళ్లి తలుపు మూశాడు. టక్కుమంది. "ఇదిగో! ఎంత చక్కగా పడిందో!"

"పడుతుందండీ. రావడమే..."

కాసేపు గడగడ. తరవాత ఒక తిట్టు. ఆ తరవాత తగ్గిన గొంతు.

"మాస్టారూ, ఉన్నారా?"

"ఉన్నానండీ. ఆదివారం దాకా."

వడ్రంగికి ఫోన్ చేసి, స్పీకరు పెట్టాను.

"ఆ గడియేనా బాబాయ్‌గారూ? గడియకి అంత ఖర్చా అని మీ ఓనరు కిందటి నెల నన్ను దులిపేశాడుగా! ఆయన ఒప్పుకుంటేనే వస్తా."

"ఒప్పుకున్నా!" లోపల్నుంచి కేక.

"ఎవరండీ అది?"

"ఆయనే. లోపలున్నారు."

అవతల నవ్వు ఎంతకీ ఆగలేదు.

లోపల ఉక్కపోస్తోందంటే, విసురుకోవడానికి చేతికందిన కాగితం తలుపు కింది సందులోంచి తోశాను. తోశాక చూస్తే అది అద్దె ఒప్పందం. తీరిక దొరికింది కదా, ఆయన చదివాడు.

"రెండు నెలలా? ఇలా ఎవరు రాశారు?"

"సంతకం మీదేనండీ."

చాలాసేపు విసురుకున్న చప్పుడు. "పైపు ఖర్చు అద్దెలో తగ్గించుకోండి. ఖాళీ మాట వదిలేద్దాం. పెన్ను తొయ్యండి, రాసిస్తా."

"లోపలుండగా వద్దండీ. బయటికొచ్చాక కూడా అలాగే అనిపిస్తే అప్పుడు రాద్దురుగాని."

వడ్రంగి వచ్చి గడియ ఊడదీశాడు. ఓనరు చెమటలు కక్కుతూ వంటింట్లో కూర్చుని రెండు గ్లాసుల మంచినీళ్లు తాగాడు. అయ్యాక గ్లాసు అరలో తీసిన చోటే పెట్టాడు. తరవాత నేనడగకుండానే పెన్నుకోసం చెయ్యి చాపి, అన్న మాటలే రాసి సంతకం పెట్టాడు.

ఈలోగా కొత్త గడియ బిగింపు అయిపోయింది.

"ఓనరుగారూ, ఒక్కసారి లోపలికెళ్లి వేసి చూడండి," అన్నాడు వడ్రంగి.

"నువ్వెళ్లు," అన్నాడు ఓనరు చెప్పులు తొడుక్కుంటూ. "నేనిక్కణ్ణుంచి పాట పాడతా."