రెండో బేస్‌కి దండం

“రద్దీ లేకే ఆ!” అని అరిచాడు సాఫ్ట్‌బాల్ కోచ్ దహియా.

ఒంగోలు నుంచి గ్రేటర్ నోయిడా వచ్చి ఇంజనీరింగ్‌లో చేరిన తేజశ్రీకి అప్పటికి వచ్చిన హిందీ మూడు వారాల వయసుది. పరుగున పోయి హాస్టల్లోంచి పాతికమంది ఆడపిల్లల్ని తోలుకొచ్చింది. మన రద్దీ అంటే జనం. ఆయన రద్దీ చిత్తుకాగితాలు, రెండో బేస్‌గా నేల మీద పరిచే చిరిగిన సంచీలో కుక్కడానికి!

పాతికమందీ నవ్వారు. దహియా నవ్వలేదు. పేరు దహియా, పని దహించడం. తేజశ్రీ స్టోర్‌రూంలో సీనియర్లు వదిలేసిన పుస్తకాలు సంచీలో కూరి కుట్టేసింది.

శనివారం టోర్నమెంటు. రెండో బేస్ దగ్గర ఎవరుండాలో ఇవాళే తేలుతుంది.

“పది బంతులు,” అన్నాడు దహియా తేజశ్రీతో. “తేలకపోతే నువ్వు బెంచీ మీదే.”

పని చెప్పుకోవడానికి తేలికే. నేలబంతిని శరణ్య ఆపి విసరాలి. తేజశ్రీ పట్టుకుని, అటు పరిగెత్తే అమ్మాయి చేరేలోగా బేస్‌ని కాలితో తొక్కి, బంతి కొట్టిన అమ్మాయి చేరేలోగా మొదటి బేస్‌కి విసరాలి. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు. శరణ్య దేశ రాజధానిలోని ద్వారకలో పెరిగిన తెలుగు పిల్ల. ఆడే స్థానం షార్ట్‌స్టాప్, నోటికి మాత్రం ఏ స్టాపూ లేదు. పేరులో శరణు ఉన్నా విసరడంలో రణమే.

బంతి వచ్చింది. తేజశ్రీ పట్టింది, తొక్కింది. చటుక్కున వంగి, సంచీని తాకి, వేళ్ళు కళ్ళకద్దుకుని, అప్పుడు విసిరింది. ఈలోగా బంతి కొట్టిన అమ్మాయి మొదటి బేస్ చేరి జడ కూడా సర్దుకుంది.

“నాకు సలాం కొడుతున్నావా?” దహియా ముఖం కందగడ్డయింది.

“కాదు సార్, అందులో...”

“చుప్! మళ్ళీ!”

మళ్ళీ అదే. ఆమె దండం పెడుతుంటే ఆయన దండన విధిస్తున్నాడు, మైదానం చుట్టూ పరుగు.

“అరే, ఆరతి భీ ఉతార్ లే!” అని హారతి కూడా పట్టేయమంది శరణ్య.

తొమ్మిది బంతులు, తొమ్మిది దండాలు.

“హట్! తొక్కడమంటే ఇదీ!” అంటూ దహియా తనే ఎగిరి సంచీ మీద దూకాడు. కుట్లు పటపటా తెగాయి. గణితం, భౌతికశాస్త్రం, ఎవరో పైన ‘శ్రీ’ చుట్టుకున్న నోట్సు ఆయన బూటు కింద పరుచుకున్నాయి.

నిప్పు మీద పడ్డట్టు కాలు లేచింది. ఆయన్నడక్కుండానే చెయ్యి కిందికి పోయి, పుస్తకాన్ని తాకి, నుదుటికి చేరింది.

“సర్, ఆప్ భీ?” మీరూనా అన్నట్టు అంది శరణ్య.

దహియా ఆమెను మింగేసేలా చూసి, స్టోర్‌రూంలోంచి కొబ్బరిపీచు పట్టా తెచ్చి సంచీ ఉన్నచోట నేలకేసి కొట్టాడు. “పదోది!”

శరణ్య బంతిని తేజశ్రీ ముఖం మీదికే విసిరింది. తేజశ్రీ పట్టింది, తొక్కింది, విసిరింది. ఇద్దరూ ఔట్.

మెచ్చుకోలేదు దహియా. జట్టంతా వినేలా గొంతు చించుకున్నాడు:

“వినండి! ఈ పిల్ల నన్నేం వెక్కిరించలేదు. సంచీలో పుస్తకాలున్నాయి, కాలు తగిలిందని కళ్ళకద్దుకుంది. చెప్పబోతే నేనే నోరు మూయించాను. శనివారం రెండో బేస్ ఈమెదే. ఇక నవ్వితే పళ్ళు రాలతాయి!”