మూడు వందల నలభై సందేశాలు

"పాలకూర నీళ్లు గట్టిగా పిండు. పోయిన నెల కింబాప్ తడితడిగా ఉందని ఎవరో అన్నారు," అన్నాడు ప్యో సాంగుక్, వంటింటి గడప దాటకుండానే.

భార్య గుమోక్ పిండిన పాలకూరనే మళ్లీ పిండింది. తెల్లవారుజాము ఐదింటి నుంచీ పిండుతూనే ఉంది. అరవై మందికి కింబాప్, సముద్రపు నాచు రేకులో చుట్టిన అన్నం చుట్టలు, కావాలి. తినుబండారాలు బయటి నుంచి తెప్పిస్తామని కళాభవనం వాళ్లు అంటే సాంగుక్ వద్దన్నాడు. "ఇంటి చేతి వంటయితే సభకి ఒక ఆత్మీయత వస్తుంది," అన్నాడు. ఆ చెయ్యి ఎవరిదో మాత్రం ఏ సభలోనూ చెప్పలేదు. ప్రతి నెలా చివరి శనివారం క్వాంగ్జు పౌర కళాభవనంలో ఆయన ప్రసంగం ఉంటుంది. నేటి కళ, డిజిటల్ మాధ్యమాలు, సమాజంలో మార్పు. ఈ నెల విషయం "ఇంటి ఆడవారి కనిపించని శ్రమ." దానికి తయారవడంలో మునిగిపోయి వారం రోజులుగా ఆయన తాగిన గ్లాసు కూడా తీసి పక్కన పెట్టలేదు.

గుడ్డు అట్టు సన్నగా తరుగుతూ గుమోక్ మళ్లీ భయపడింది. మే నెల ఎండ. గుడ్డు పాడయితే? అరవై మందికీ కడుపులో తిప్పితే? అంబులెన్సులు, పేపర్లు, కెమెరాల ముందు తను. ఆమె భయాలకి ఇంట్లో ఒక పేరుంది, "వాతావరణ శాఖ." పెట్టింది సాంగుకే. "ఇవాళ ఏం తుఫాను?" అంటాడు చెప్పులు వేసుకుంటూ. అత్తగారు బతికున్నప్పుడు ఇంకా సూటిగా అనేది: "ఎనిమిదో తరగతి పిల్లకి ప్రొఫెసర్ మొగుడు దొరికాడు. ఇంకా ఏడుపు మొహం దేనికే?" ఆ ప్రొఫెసర్ చదువుకున్న ఆరేళ్లూ ఆ పిల్ల జాకెట్ల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టిందని అత్తగారు ఏనాడూ అనలేదు. తెలియక కాదు.

గుమోక్ భయాలన్నీ చివరికి కూతురి దగ్గరికే చేరతాయి. సోల్హీ దూరాన ఉల్సాన్ నగరంలో ఓడల కార్ఖానాలో రంగుల తనిఖీ చేస్తుంది. వేళ్లతో టైపు చేయడం గుమోక్‌కి చేతకాదు, అందుకని మాటలే రికార్డు చేసి పంపుతుంది. సందేశం పక్కన చిన్న ఒకటి అంకె ఉంటుంది. కూతురు చూస్తే అది పోతుంది. పోయేదాకా ఈమెకి ముద్ద దిగదు.

రెండింటికి సభ మొదలయింది. గుమోక్ చివరి వరసలో, కింబాప్ పెట్టెల పక్కన కూర్చుంది. సాంగుక్ నల్ల చొక్కాలో వేదిక మీద అటూ ఇటూ నడుస్తూ, ఇంటి పనిని పని అని ఒప్పుకోని ఈ సమాజం సిగ్గుపడాలన్నాడు. చప్పట్లు. దీపాలు తగ్గాయి. పెద్ద తెర మీద శబ్దాన్ని చూపే తెల్లటి గీతలు వణికాయి.

"సోల్హీ, గ్యాస్ కట్టేశావా? లిఫ్టులో మగాడు ఒక్కడే ఉంటే ఎక్కకు, ఫోన్ మర్చిపోయినట్టు వెనక్కి వచ్చెయ్..."

గుమోక్ గబుక్కున సంచీలో చెయ్యి పెట్టింది. సోల్హీకి ఏదో అయింది, ఫోన్ దానంతటదే మోగుతోంది అనుకుంది. ఫోన్ చీకటిగా, నిశ్శబ్దంగా ఉంది. జనం నవ్వుతున్నారు. తన గొంతు హాలంతా తిరుగుతోంది.

"ఈమె ఒక సగటు తల్లి," అన్నాడు సాంగుక్. "మూడేళ్లలో మూడు వందల నలభై సందేశాలు. అందులో 'జాగ్రత్త' అన్న మాట పందొమ్మిది వందల సార్లు. లెక్క పెట్టింది యంత్రం. ఫోన్ తల్లి ప్రేమని ఎలా నిఘాగా మార్చిందో చూడండి!" వచ్చే నెల నుంచి ఈ మూడు వందల నలభై గొంతులనీ చిన్న స్పీకర్లలో పెట్టి మూడు నెలలపాటు ఇదే భవనంలో వేలాడదీస్తామన్నాడు. ఎవరైనా వచ్చి దేనికైనా చెవి ఆనించి వినొచ్చు. ఈ ఏడు తన పుట్టినరోజుకి ఆయన కొత్త ఫోన్ కొనిచ్చి, పాతది "నా దగ్గర ఉంచుతాలే" అన్నది ఇందుకా!

సగటు తల్లి. ముప్పై ఒక్క ఏళ్లు పక్కన పడుకున్న మనిషికి ఆమె పేరు నోటికి రాలేదు. అది కూడా దిగమింగేది. ఇంతకన్నా పెద్దవే మింగింది. కానీ కిందటి నవంబరు సందేశం కూడా వాటిలో ఉందని గుర్తొచ్చింది. పెళ్లి చేసుకుంటానన్న మనిషి సోల్హీ మణికట్టు విరిచిన వారం అది. బిడ్డకి కొత్త ఇల్లు వెతికి, ఆసుపత్రి మంచం మీద ఉన్నదానికి మతి నిలవదని, చిరునామా, అంతస్తు, తలుపు తెరిచే అంకెలు ఒక్కొక్కటే రెండేసిసార్లు చెప్పింది. "మీ నాన్నకి చెప్పకు. తాగిన చోట వాగేస్తాడు." ఆ మనిషి సాంగుక్ పాత శిష్యుడు. ఇప్పటికీ ప్రతి ప్రదర్శనకీ పూలు పట్టుకుని ముందు వరసలో నిలబడతాడు. "బంగారం లాంటి కుర్రాడిని మీ అమ్మాయి వదులుకుంది," అని సాంగుక్ ఇప్పటికీ భార్యని దెప్పుతాడు.

దీపాలు వెలిగాయి. ప్రశ్నల సమయం. మైకు తిప్పుతున్న కు యేజిన్, కళాభవనం కార్యక్రమాలు చూసే అమ్మాయి, వంగి మెల్లగా అంది: "మేడం గారూ, ఒప్పుకున్నందుకు థాంక్సండీ. మీ కాగితం అందింది."

"ఏ కాగితం?"

యేజిన్ చేతిలోని ట్యాబ్‌లో చూపించింది. అడుగున ఎర్రటి గుండ్రని ముద్ర. అందులో ఇంటిపేరుతో సహా తన పేరు, "మా గుమోక్."

సంతకానికి బదులు ఒత్తే ఆ ముద్ర ఇంట్లో బ్యాంకు పుస్తకాల సొరుగులో ఉంటుంది. ఇల్లు మారినా, బీమా కట్టినా ఆయనే తీసి ఒత్తుతాడు. ఇంట్లో కత్తెర ఎవరిదని ఎవరడుగుతారు? ఆమె పేరూ అలాగే, ఎవరి చేతికి అవసరమైతే వాళ్లది.

"ఆ మైకు ఇలా ఇవ్వమ్మా," అంది.

ఆమె లేచి నిలబడడం చూసి సాంగుక్ నవ్వాడు. "ఇదిగో, కింబాప్ తయారని ప్రకటన!" జనం కూడా నవ్వారు.

"ప్రొఫెసర్ గారూ," అంది గుమోక్. "ఆ మూడు వందల నలభైలో మీరు చివరిదాకా విన్నవి ఎన్ని?"

"అంటే... ఇక్కడ విడివిడిగా వినడం కాదు ముఖ్యం. మొత్తం నమూనా..."

"ఒక్కటైనా?"

సాంగుక్ నీళ్ల సీసా మూత తిప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఆ గొంతు నాది. ఆ కాగితం నేనివాళే చూస్తున్నాను. దాని మీద ముద్ర వేసిన చెయ్యి నాది కాదు."

"సోల్హీ వాళ్లమ్మా," అన్నాడు ఆయన, పళ్ల బిగువున నవ్వుతూ. "ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

"ఇంట్లో మాట్లాడినవే కదా ఇక్కడ వినిపిస్తున్నారు."

ముందు వరసలో ఒక పెద్దావిడ "ఆహా!" అంది పైకే. ఇంతసేపూ ఆయన మాటలు రాసుకుంటున్న పుస్తకం మూసేసింది.

గుమోక్ నడుచుకుంటూ వేదిక దగ్గరికి వెళ్లింది. బల్ల మీద ప్రదర్శన వస్తువులా పెట్టిన తన పాత ఫోన్ తీసుకుని సంచీలో వేసుకుంది. యేజిన్ వెనకాలే పరుగెత్తుకొచ్చింది. "మీరు వద్దంటే ఇది జరగదు మేడం గారూ. మీ చేత్తో ఒక ముక్క రాసివ్వండి. ఇక్కడి కంప్యూటర్లో ఉన్నవి మీ ముందే తీసేస్తాను."

"ఎందుకు వద్దో రాయాలా?"

"అక్కర్లేదండీ."

గుమోక్ "ఒప్పుకోను" అని రాసింది. కింద తన పేరు. అక్షరాలు వంకరగా వచ్చాయి. యేజిన్ యంత్రంలో ఒక్కొక్కటీ చెరిపేస్తుంటే కళ్లజోడు పైకి తోసుకుని చివరిదాకా చూసింది.

జనం పలచబడ్డాక సాంగుక్ దగ్గరికొచ్చాడు. మెడ ఎర్రబడి ఉంది. "పది మందిలో నా పరువు తీశావు! అంత కొంపలంటుకునేది ఏముంది అందులో?"

గుమోక్ ఆయన్ని తేరిపార చూసింది. తను ఏం మాట్లాడిందో ఈ మనిషి అడగడం ఇదే మొదటిసారి. ఇన్నాళ్లూ ఈయన ప్రసంగాలకి తను చాటుగా పడ్డ గర్వం తలుచుకుంటే కుళ్లిన చేపని మూటగట్టి మోసినట్టనిపించింది. జవాబు నాలుక చివరనే ఉంది. చెప్తే ఆ అంకెలు తాగిన చోట వాగేస్తాడు. యేజిన్ వైపు తిరిగింది.

"అమ్మాయీ, నాతో మా ఇంటిదాకా వస్తావా? ఈయన కంప్యూటర్లో ఇంకో కాపీ ఉంటుంది. చెరపడం ఎలాగో నాకు నేర్పు, నా చేత్తోనే చెరుపుతాను. ఆ తర్వాత నన్ను ఉల్సాన్ బస్సెక్కించు."