మనవాళ్ళ పడవ

మనవాళ్ళంటే వసుమతికి ఎంతో నమ్మకం ఉండేది. ఒక శనివారం పొద్దున ఏడున్నరకి అది కాస్తా పోయింది.

ఫ్లోరిడా కొసన సముద్రంలోకి సాగిన దీవుల్లో మొదటిది కీ లార్గో. అక్కడి రేవులో ఆమె తన పడవ పక్కన నిలబడి ఉంది. గాలి సిలిండర్లు నింపి వరసగా కట్టేసింది, నీళ్ళలో పెట్టుకునే కళ్ళద్దాలన్నీ కడిగి ఆరబెట్టింది. ఆమె భర్త హరనాథ్ ఇంజన్ స్టార్ట్ చేసి చుక్కాని దగ్గర కూర్చున్నాడు. రావలసినవాళ్ళు పన్నెండు మంది. అందరూ తెలుగువాళ్ళు, అందులోనూ డాక్టర్లు. ఆ చలికాలమంతా ఎక్కడివాళ్ళక్కడ ఈత కొలనుల్లో డైవింగ్ నేర్చుకుని, సర్టిఫికెట్లు పుచ్చుకుని, అసలు సముద్రం చూడాలని దిగిన జనం.

వాళ్ళు వచ్చారు. కాకపోతే ఆమె పడవలోకి కాదు. రోడ్డవతలి పెద్ద హోటల్‌వారి రెండంతస్తుల తెల్ల పడవ ఆమె ముందునుంచే సముద్రంలోకి పోతోంది. పై అంతస్తులో రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డ డాక్టర్ రాజగోపాల్ ఆమెని చూసి చెయ్యి ఊపాడు. అంతటితో ఊరుకున్నాడా? "వసుమతీ! లంచ్‌కి వచ్చేస్తాం!" అని కేక కూడా వేశాడు. సిగ్గులేకపోతే సరి.

"వాళ్ళేనా?" అన్నాడు హరనాథ్.

"వాళ్ళే. మనవాళ్ళే. ఇంజన్ ఆపండి."

రాజగోపాల్ మయామీలో పేరున్న సర్జన్. కీ లార్గోకి గంటన్నర దూరం. ఆ ఏడు, అంటే ఎనభై ఏడులో, ఉగాది ఫంక్షన్‌కి న్యూజెర్సీ స్నేహితులు వచ్చినప్పుడు అందరి ముందూ ఆయనే అన్నాడు: "డైవింగ్‌కంటూ వస్తే వీళ్ళ పడవే. మనవాళ్ళని పెట్టుకుని ఇంకెవరి పడవ ఎక్కుతాం?" తర్వాత ఫోన్‌లోనూ అదే మాట. ఆ మాట పట్టుకుని వసుమతి ఇంకో పని చేసింది. తనూ ఇంకొకరికి మాట ఇచ్చింది.

పడవ కట్టుకునే చోటు వాల్టర్ అనే పెద్దాయనది. మంచివాడే. కానీ హోటల్‌వాళ్ళు రెండో పడవ కొన్నారు, దాన్ని కట్టడానికి వసుమతి చోటే కావాలని ఆయన ప్రాణం తీస్తున్నారు. "సోమవారంలోగా ఏడాది అద్దెకి ఒప్పుకున్నావా, చోటు నీదే. లేకపోతే వాళ్ళకిచ్చేస్తాను," అన్నాడు వాల్టర్. వసుమతి నవ్వింది. ఈ వారం మనవాళ్ళు వస్తున్నారు, ఒకసారి రుచి మరిగితే న్యూజెర్సీ తెలుగు డాక్టర్లంతా చలికాలం పొడుగునా ఇక్కడే ఉంటారు, సోమవారం వచ్చి సంతకం పెడతాను అంది. చోటు లేకపోతే పడవ లేదు. పడవ లేకపోతే డైవింగ్ సామాన్ల కొట్టూ లేదు, ఎనిమిదేళ్ళ కష్టమూ లేదు.

హరనాథ్ విశాఖపట్నంలో ఓడలు బాగుచేసే ఇంజనీరు. ఓడల అడుగు చూడ్డానికి నీళ్ళలో మునగడం నేర్చుకున్నాడు. అతని దగ్గర వసుమతి నేర్చుకుంది, నేర్చుకుని అతన్ని మించిపోయింది. అమెరికా వచ్చాక ఇద్దరూ కలిసి ఒక ముసలాయన దగ్గర ఈ చిన్న కొట్టూ పడవా కొన్నారు. పడవ నడపడం హరనాథ్ వంతు, నీళ్ళలోకి మనుషుల్ని దింపి పైకి తేవడం ఆమె వంతు. కొట్లోకి వచ్చినవాళ్ళు ఆమె మొహం చూసి "ఓనర్ లేరా?" అని అడిగేవాళ్ళు. "మీ ఎదురుగానే ఉంది," అనేది. కొందరు నవ్వి ఉండిపోయేవాళ్ళు, కొందరు మళ్ళీ వస్తామని పోయేవాళ్ళు. ఉండిపోయినవాళ్ళు మాత్రం మరుసటేడు మళ్ళీ వచ్చేవాళ్ళు.

హోటల్ వచ్చాక ఆ రావడమూ తగ్గింది. గది, తిండి, పడవ అన్నీ ఒకే ప్యాకేజీ. మనిషిని ఎయిర్‌పోర్ట్‌లో వ్యాన్ ఎక్కిస్తారు, మళ్ళీ ఎయిర్‌పోర్ట్‌లోనే దింపుతారు. మధ్యలో ఆ మనిషి ఊళ్ళో ఒక కాఫీ కూడా తాగడు. రేవు దగ్గర శాండ్‌విచ్‌లు అమ్మే ఆవిడ కొట్టు మూసేసింది. ఐస్ అమ్మేవాడు ఊరొదిలిపోయాడు. హోటల్‌లో పడే డబ్బు ఆ ఊళ్ళో ఒక్క రాత్రి కూడా నిద్రపోదు, పొద్దునకల్లా ఎక్కడో ఉత్తరాదిన ఉన్న హెడ్డాఫీసుకి చేరుతుంది.

మధ్యాహ్నం వాళ్ళు వసుమతి ఇంటి ముందు దిగారు. చేతులకి హోటల్‌వారి ఎర్ర పట్టీలు. వంట అయ్యే ఉంది. ముద్దపప్పు, పెరటి గోంగూర పచ్చడి, వంకాయ కూర, మజ్జిగ పులుసు. గడపలోంచే పొమ్మందామనుకుంది గానీ పిలిచిన నోటితో పొమ్మనడం ఆమెకి చేతకాలేదు. వడ్డించింది. గరిటె ఎంత చప్పుడు చేసినా ఒక్కడికీ అనుమానం రాలేదు. ఆకలి మీద ఉన్నవాడికి చెవులెక్కడివి?

"గోంగూర! అమెరికాలో గోంగూర!" అని న్యూజెర్సీ నుంచి వచ్చిన డాక్టర్ శ్రీధర్ మూడోసారి పెట్టించుకున్నాడు.

రాజగోపాల్ అన్నం కలుపుతూ తన గోడు మొదలెట్టాడు. "మొన్న ఒక పేషెంట్. హెర్నియా. నేను రూమ్‌లోకి వెళ్ళానో లేదో, 'అమెరికన్ డాక్టర్ లేడా?' అన్నాడు. నా మొహం మీదే! పదిహేడేళ్ళ నుంచి ఈ దేశంలో ఆపరేషన్లు చేస్తున్నాను. ఇంకా ఏం చూపించాలి వీళ్ళకి?" చెప్తూ చెప్తూ ఆయన మొహం ఎర్రబడింది, చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"వీళ్ళు మారరండీ," అన్నాడు శ్రీధర్. అందరూ ప్చ్ ప్చ్ అన్నారు.

వసుమతి పెరుగన్నాలయ్యేదాకా ఆగింది. తింటున్నవాణ్ణి నిలదీయకూడదు. చేతులు కడుక్కుని వక్కపొడి వేసుకుంటున్నప్పుడు వీధి తలుపు దగ్గరికెళ్ళి నిలబడింది.

"రాజగోపాల్‌గారూ, పొద్దున మా పడవ ఎందుకు ఎక్కలేదు?"

ఆయన నవ్వబోయాడు. "అదేనమ్మా, చెబుదామనే అనుకున్నాను. నీకు డబ్బివ్వబోతే పుచ్చుకోవు. పుచ్చుకోకపోతే మాకు మొహమాటం."

"పుచ్చుకోనని ఎవరన్నారు? నేను పడవ నడుపుతున్నది పుణ్యానికి కాదే."

"అది కాదు వసుమతీ. మనవాళ్ళతో అయితే, రేపు ఏదైనా తేడా వస్తే గట్టిగా అడగలేం కదా."

"ఏం తేడా?"

కడుపు నిండి, మనసులో ఏదీ దాచుకోలేని స్థితిలో ఉన్న శ్రీధర్ అందుకున్నాడు. "నీళ్ళకింద విషయం కదండీ. ప్రాణాలతో పని. అందరూ ఫ్యామిలీలున్నవాళ్ళం. అమెరికన్ కంపెనీ అయితే కొంచెం సేఫ్‌గా ఉంటుందని..."

అప్పటిదాకా బిగబట్టిన కోపం ఒక్కసారి కట్ట తెంచుకుంది.

"అన్నానికి మనవాళ్ళు పనికొస్తారు. ప్రాణానికి పనికిరారు. అంతేనా? ఇప్పుడే ఈ బల్ల దగ్గర కూర్చుని ఒక పేషెంట్‌ని తిట్టారు. వాడేమన్నాడు? మీరన్నదే అన్నాడు! వాడికి మీ మొహం చాలకపోయింది, మీకు నా మొహం చాలలేదు. వాడైనా నయం. మీ ఇంట్లో గోంగూర తిని అనలేదు."

రాజగోపాల్ జేబులోంచి చెక్‌బుక్ తీశాడు. "ట్రిప్ ఎంతైతే అంత నేనిచ్చేస్తాను. మీరు నష్టపోకూడదు."

"లోపల పెట్టండి. పడవెక్కనివాడి డబ్బు నాకెందుకు? ముష్టా?"

ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. కుళాయి తిప్పి గిన్నెలు తోమడం మొదలెట్టింది. వెనకాలే రాజగోపాల్ భార్య ఆండాళ్ ఎంగిలి ప్లేట్లు తీసుకుని వచ్చింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి.

"నువ్వన్నదాంట్లో తప్పు లేదు," అంది ఆండాళ్. "ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. నిరుడు నీకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయింది కదా. ఎవరు చేశారు?"

వసుమతి చేతిలో గిన్నె ఆగిపోయింది.

"మయామీలో, ఆయన పనిచేసే హాస్పిటల్‌లోనే చేయించుకున్నావు. ఆ ఆపరేషన్ ఆయన వారానికి రెండు చేస్తారు. నువ్వు అడ్మిట్ అయ్యావని నర్స్ చెబితే తెలిసింది. నీ గది తలుపు దాకా వచ్చారుట. లోపల ఎవరో తెల్ల డాక్టర్ నీతో మాట్లాడుతున్నాడుట. వెనక్కి వచ్చేశారు. ఎవరితోనూ అనలేదు, నాతో తప్ప."

అది వేరు అనబోయింది వసుమతి. నోరు తెరిచింది కూడా. కానీ అప్పుడు హరనాథ్‌తో తనేమందో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. మనవాళ్ళతో మొహమాటం, రేపు ఏదైనా తేడా వస్తే గట్టిగా అడగలేం.

తన తప్పు తెలిసింది కాబట్టి కోపం చల్లారి ఉంటుందనుకుంటే పొరపాటు. ఇంకా మండింది. తడి చేతులతోనే బయటికి వచ్చింది. అందరూ తలలు వంచుకుని వ్యాన్ ఎక్కుతున్నారు.

"రాజగోపాల్‌గారూ! రేపు పొద్దున ఏడున్నరకి పడవ బయల్దేరుతుంది. టికెట్ ఊరందరికీ ఎంతో మీకూ అంతే. లంచ్ ఉండదు."

ఆయన వ్యాన్ మెట్టు మీద ఆగాడు.

"ఆండాళ్‌గారు హాస్పిటల్ సంగతి చెప్పారు. నేను చేసింది తప్పే. కానీ నా తప్పు అడ్డం పెట్టుకుని మీ తప్పు మాఫీ చేసుకోకండి. రెండూ తప్పులే."

ఆదివారం పొద్దున హోటల్ పడవ నిండుగా పోయింది. శ్రీధర్ అందులోనే ఉన్నాడు, ఈసారి ఎవరూ చెయ్యి ఊపలేదు. ఏడున్నర దాటాక రాజగోపాల్ ఒక్కడూ సంచీ భుజాన వేసుకుని రేవు మీద నడుచుకుంటూ వచ్చాడు. మొహం ముడుచుకునే ఉంది. టికెట్ కొన్నాడు, ఎక్కి కూర్చున్నాడు.

వాల్టర్ తన కుర్చీలోంచి చూస్తున్నాడు. పడవలో ఒక్క మనిషి. ఆయన కళ్ళు దించుకున్నాడు. వసుమతి తాడు విప్పుతూ ఆయనతో ఇంగ్లీషులో అంది. "సోమవారం దాకా ఎందుకులే వాల్టర్. చోటు వాళ్ళకిచ్చెయ్." ఆ మాట వినగానే హరనాథ్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. రాజగోపాల్ ఆమెకేసీ వాల్టర్‌కేసీ మార్చి మార్చి చూశాడు. తాము ఎక్కకపోబట్టి ఆమె పడవ కట్టుకునే చోటే పోతోందని అప్పటికిగానీ ఆయనకి తెలియలేదు. తెలిసి ఏం లాభం? పడవ కదిలింది.

పగడపు దిబ్బల దగ్గర లంగరు వేశారు. కింద నేల కనిపించేటంత తేటనీళ్ళు. వసుమతి ఆయన సిలిండర్ పట్టీలు బిగించింది, గాలి వస్తోందో లేదో రెండుసార్లు చూసింది. నోట్లో పెట్టుకోవలసిన రెగ్యులేటర్ చేత్తో పట్టుకుని ఆయన పడవ అంచున నిలబడ్డాడు. పెదాలు తెల్లబడ్డాయి.

"ఏమీ కాదు కదా, వసుమతీ?"

నిరుడు ఆపరేషన్ ముందు ఇదే మాట తనూ అడిగింది. ఆ తెల్ల డాక్టర్ ఏమీ కాదన్నాడు. ఆయన అంతకు ముందు తన పేరు కూడా సరిగ్గా పలకలేదు. అయినా ఆ ఒక్క మాటకే నమ్మి హాయిగా కళ్ళు మూసుకుంది.

"ఏమీ కాదు," అంది వసుమతి.

రాజగోపాల్ దూకలేదు. ఆమె మొహంలోకి చూశాడు. హరనాథ్‌ని చూశాడు. దూరంగా లంగరు వేసి ఉన్న హోటల్ పడవకేసి చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద, తన మీద, తెల్లవాడెవరో ఒక్క మాట అంటే చాలు నమ్మేసే తామందరి మీద, ఆ ఒక్క మాట తమలో ఒకరు అంటే చాలదనిపించే తమ మనసుల మీద.

"దూకండి!" అని అరిచింది.

ఆయన దూకాడు. నమ్మి దూకాడో, ఆమె అరుపుకి జడిసి దూకాడో ఆమెకి తెలియదు. వెనకాలే తనూ దూకింది.