గేటు మలుపులో బ్రేకు

మా కారు రెండోసారి గేటు స్తంభాన్ని రాసుకున్న రోజున, మా అబ్బాయి భోజనాల బల్ల దగ్గర తండ్రిని తాళంచెవి ఇచ్చేయమని అడిగాడు. గొంతు పెంచలేదు, నిందించనూ లేదు. అందువల్లనే ఆ మాట మరింత బరువుగా పడింది. మావారు జీవితమంతా డ్రైవింగు నేర్పినవారు. నేర్చుకునేవాళ్ల పక్కన కూర్చుని, తన కాళ్ల దగ్గర అమర్చుకున్న రెండో బ్రేకుతో ఎందరినో గోడల నుంచి, చెట్ల నుంచి కాపాడినందుకు ఆయనకు బ్రేకు మాస్టారనే పేరు స్థిరపడిపోయింది. అటువంటి మనిషితో, మీ కాలు బ్రేకు మీద నిలవడం లేదని కన్నకొడుకు చెప్పాడు.

ఆయన వాదన మొదటి నుంచీ ఒక్కటే. కాలు జారలేదు, గేటులోకి తిరిగేచోట పెడలే పాదం కింద ఉలిక్కిపడి, ఒక్క క్షణం పట్టు వదిలేస్తోంది. ఆ క్షణంలోనే ఎదుట ఒక పసుపు దీపం వెలిగి ఆరిపోతోంది. మొదటిసారి స్తంభం తగిలినప్పుడు ఈ మాటను అందరం నమ్మాం. కారును సర్వీసు సెంటరుకు పంపాం. వాళ్లు తమ యంత్రం తగిలించి చూసి, చక్రాలు బిగుసుకుపోయి జారకుండా కాచే ఏబీఎస్ మాడ్యూలు అప్పుడప్పుడు జవాబివ్వడం లేదని తేల్చి, దాన్ని తీసేసి కొత్తది వేశారు. ఆ తర్వాత అబ్బాయి తిన్నని రోడ్డు మీద చాలాసేపు నడిపి చూశాడు. కారు ఆపమన్నచోట ఆగింది. అయినా కొద్దిరోజులకే స్తంభం మళ్లీ తగిలింది. కారులోని దోషం తొలగిపోయింది కనుక మిగిలింది మనిషిలోని దోషమేనని అబ్బాయి తీర్మానించాడు. తర్కం చక్కగానే ఉంది. దానికి ఆధారమైన మొదటి మాట నిజమా కాదా అన్నదే ఎవరూ చూడలేదు.

మావారు తాళంచెవిని బల్ల మీద పెట్టి, మజ్జిగ తాగకుండానే లేచిపోయారు. ఆ సాయంత్రం షెడ్డు వైపు కూడా వెళ్లలేదు. రోజూ చీకటి పడకముందు కారును నిద్రపుచ్చి వస్తానని, పొద్దున్నే లేపి వస్తానని పానా ఒకటి జేబులో వేసుకుని వెళ్లడం ఆయనకు అలవాటు. దాన్ని మేము చాదస్తం కింద జమకట్టి నవ్వుకునేవాళ్లం.

మర్నాడు మా కోడలు ఊరి నుంచి వచ్చింది. మాది లాంటి విద్యుత్ కార్ల మరమ్మతు ఆమె వృత్తి. శిక్షణకని వెళ్లి ఉండడం వల్ల ఈ సంగతులన్నీ ఆమె లేనప్పుడే జరిగాయి. ఇద్దరి వాదనలూ విని, ఎవరివైపూ మాట్లాడకుండా, పెడల్ ఉలిక్కిపడేది ఎప్పుడూ గేటు దగ్గరేనా అని మాత్రం మామగారిని అడిగింది. స్టీరింగు పూర్తిగా తిప్పి బ్రేకు తొక్కినప్పుడేనని ఆయన చెప్పగానే ఆమె చేతి సంచీ కూడా లోపల పెట్టకుండా షెడ్డులోకి నడిచింది.

ఫిర్యాదు చేసిన మనిషిని సీట్లో కూర్చోబెట్టనిదే ఆమె పని మొదలుపెట్టదు. యంత్రం గుర్తుపెట్టుకునేది సగమేనని, మిగతా సగం ఆ మనిషి ఒంట్లో ఉంటుందని ఆమె అభిప్రాయం. మామగారిని స్టీరింగు ముందు కూర్చోబెట్టి కళ్లు మూసుకోమంది. పసుపు దీపాన్ని చూస్తూ ఉండమని భర్తను ఆయన పక్కన కూర్చోబెట్టింది. బానెట్ ఎత్తి, మాడ్యూలుకు కరెంటు అందించే తీగకు మీటరు తగిలించి నా చేతిలో పెట్టింది. పైకెత్తిన బానెట్ అడ్డు ఉండడం వల్ల వాళ్లు నాకు కనబడరు, నా మీటరు వాళ్లకు కనబడదు.

"నాకు కూడా ఆ తీగ తగిలిస్తావా అమ్మా, కాలికి?" అన్నారు మావారు కళ్లు తెరవకుండా.

"మీ నోరు చాలు మామయ్యా. పెడల్ కదిలిందనిపించగానే చెప్పండి."

ఆయన బ్రేకు తొక్కి పట్టి, స్టీరింగును ఒక చివర నుంచి ఇంకో చివరకు తిప్పారు. మీటరులో పద్నాలుగు వోల్టుల దగ్గర నిలిచి ఉన్న అంకె నా కళ్ల ముందే తొమ్మిది కిందికి పడిపోయింది.

"ఇప్పుడు," అన్నారు మావారు.

"దీపం వెలిగింది," అన్నాడు మా అబ్బాయి, కాస్త తగ్గిన గొంతుతో.

మళ్లీ మళ్లీ చేయించింది. ప్రతిసారీ మూడూ కలిసే జరిగాయి. అప్పుడు కోడలు కారణం చెప్పింది. కారును నడిపించే పెద్ద బ్యాటరీ వేరు. స్టీరింగు, దీపాలు, బ్రేకు మాడ్యూలు ఆధారపడే చిన్న బ్యాటరీ వేరు. దాదాపు ఆగిన కారులో స్టీరింగు పూర్తిగా తిప్పితే దాని మోటారు ఒక్కసారిగా కరెంటు లాగేస్తుంది. ఆ క్షణంలో చిన్న బ్యాటరీ ఆదుకోవాలి, ఆదుకోవడం లేదు.

"మాడ్యూలు జవాబివ్వలేదంటే మూగదని కాదు అత్తయ్యా, ఆకలికి నీరసపడి ఉండొచ్చు," అని, భర్త వైపు తిరిగింది. "వాళ్లు ఏ తప్పూ చెయ్యని మాడ్యూల్ని పీకారు. నువ్వు ఏ తప్పూ చెయ్యని డ్రైవరును పీకబోయావు."

మావారు సీట్లో నిటారుగా సర్దుకుని కూర్చున్నారు. ఆ ముఖంలో వెలుగు చూసి ఎన్నాళ్లయిందో.

కానీ కోడలి పని అక్కడితో ఆగలేదు. చిన్న బ్యాటరీ కొత్తదే, మంచిదే. మరి ఎందుకు ఆదుకోవడం లేదు? తీగను బ్యాటరీకి పట్టి ఉంచే క్లాంపు బోల్టు గట్టిగా బిగిసే ఉంది; సర్వీసువాళ్లు అక్కడితో తృప్తి పడి ఉంటారు. ఆమె మాత్రం కరెంటు ఆపి, బోల్టును వదిలి క్లాంపునే వేళ్లతో తిప్పింది. అది సీసా మూతలా తిరిగింది. మెత్తని లోహం అరిగి, రెండు అంచులూ ఒకదానికొకటి ఆనుకుపోయాయి. ఇక ఎంత బిగించినా బోల్టు బిగుస్తుంది తప్ప క్లాంపు పట్టుకోదు. పదేపదే ఊడదీసి తగిలిస్తే తప్ప ఇంత కొత్త కారులో ఈ అరుగుదల రాదు.

"మామయ్యా, ఈ కారు గడియారం రోజూ పొద్దున ఎవరు సరిచేస్తారు?" అని ఆమె మెల్లగా అడిగింది.

మావారి చెయ్యి జేబులోని పానా మీదికి వెళ్లింది. ఆయన పాత పెట్రోలు కారు కదలకుండా ఉంటే దాని బ్యాటరీ ఊరికే చచ్చిపోయేది. అందుకని సాయంత్రం దాని తీగ ఒకటి ఊడదీయడం, పొద్దున బిగించి, ఆగిపోయిన గడియారాన్ని సరిచేయడం నేర్చుకున్నారు. కారు మారింది, ఆ జాగ్రత్త మారలేదు. కారును నిద్రపుచ్చడమంటే ఇదన్నమాట.

"కాలిది కాదుగా?" అన్నారు చివరికి.

"కాలిది కాదు. చేతిది."

ఆయన జేబులోంచి పానా తీసి కోడలి చేతిలో పెట్టారు. మా అబ్బాయి లోపలికి వెళ్లి తాళంచెవి తెచ్చి తండ్రి చేతిలో పెట్టాడు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ సిగ్గుపడ్డారో చెప్పడం కష్టం. ఇద్దరూ చాలా మర్యాదగా ప్రవర్తించారు.

కొత్త క్లాంపు వేశాక మీటరులో అంకె కదలలేదు. మావారు కొడుకును పక్కన, మమ్మల్ని వెనక కూర్చోబెట్టుకుని వీధి చివరిదాకా వెళ్లి వచ్చారు. గేటు మలుపులో కారు మెత్తగా ఆగింది. స్తంభానికీ మాకూ మధ్య కావలసినంత చోటుంది.

అయినా మా అబ్బాయి కుడికాలు నేలను గట్టిగా నొక్కి పట్టే ఉంది. మావారు ఆ కాలిని ఓసారి చూశారు.

"అటువైపు బ్రేకు లేదురా ఇందులో," అన్నారు. "ఉంటే నేనే తొక్కేవాణ్ణి, నువ్వు నడిపినప్పుడల్లా."